పండగలు, పత్తి ఏరుడు, వరికోత ఒక్కసారే వస్తే ఇంటి పని ఎలా పంచుకుంటారు?

పత్తిచేను కోడలు (పరకాల దగ్గరి పల్లె), 2025 సెప్టెంబరు 12

అందరికీ నమస్తే. మాది హనుమకొండ జిల్లా. పోయిన ఏడాది దాకా హైదరాబాద్‌లో ఉన్నాం. మామయ్యకు ఒంట్లో బాగుండక ఈ ఎండాకాలం ఊరికి వచ్చేశాం. నాలుగెకరాల పత్తి, ఎకరంన్నర వరి, రెండు బర్రెలు, ఇద్దరు పిల్లలు. కాయ బాగానే పట్టింది. అక్టోబరు మొదట్లో పత్తి పగిలేలా ఉంది.

ఈ నెల 21న ఎంగిలిపూల బతుకమ్మ. ఆ రోజు నుంచే బడికి సెలవులు. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మకు ఆడపడుచులిద్దరూ పిల్లలతో వస్తారు. తర్వాత దసరా. దసరా అయ్యీ కాకముందే మొదటి ఏరుడు. ఆ వెనకే దీపావళి నోము, కార్తీకం, వరికోత. ఇన్నేళ్ళూ ఇవన్నీ ఎలా చేశారని అత్తమ్మను అడిగితే "అదే అయిపోతది బిడ్డా" అంటుంది. అయిపోతుంది, కానీ ఎవరి చేతుల మీద? పొద్దున నాలుగింటికి లేచిన మనిషి రాత్రి పదింటికి గానీ నడుం వాల్చదు. వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. ఇప్పుడు ఆమెకు మోకాళ్ళ నొప్పులు.

మీ ఇళ్ళల్లో ఈ రెండు నెలలు పని ఎవరెవరు ఏం చేస్తారో చెప్పండి. పండగ తగ్గించుకోమని మాత్రం చెప్పకండి. ఆడపడుచులు ఏడాదంతా ఎదురుచూసేది ఈ తొమ్మిది రోజుల కోసమే.

గునుగుపువ్వు (సిద్దిపేట వైపు), సెప్టెంబరు 12

బిడ్డా, ముందు ఒక సంగతి. బతుకమ్మకు పూలు తెచ్చేది మగవాళ్ళు, పిల్లలు. మా చిన్నప్పుడు నాన్న, అన్నలు చీకటితో లేచి చేలు, గుట్టలు తిరిగి తంగేడు, గునుగు, కట్లపూలు మోపులు కట్టుకొని తెచ్చేవాళ్ళు. ఆడవాళ్ళం కూర్చుని పేర్చేవాళ్ళం. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో అదీ ఆడవాళ్ళ మీదే పడింది. నువ్వు మాత్రం ఆ పని మీ ఆయనకూ పిల్లలకూ అప్పజెప్పు. గునుగు కొసలు సమంగా కత్తిరించి రంగుల్లో ముంచడమంటే పిల్లలకు ప్రాణం.

సద్దుల రోజు వంటకు మా వాడలో ఒక పద్ధతి ఉంది. ఒక ఇంట్లో పులిహోర, ఒక ఇంట్లో పెరుగు సద్ది, ఇంకో ఇంట్లో నువ్వులది, ఇంకో ఇంట్లో కొబ్బరిది. చెరువు కట్ట దగ్గర బతుకమ్మను నీళ్ళల్లో వదిలాక అన్నీ కలిపి అందరం పంచుకుంటాం. ఒకే మనిషి ఐదు రకాలు చేయాలని ఎక్కడా లేదు. సత్తుపిండి ముందే చేసి డబ్బాకు ఎత్తుకో, నిలవుంటుంది.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చేది లేదు, నైవేద్యం లేదు. మా అత్తగారు ఏడాదిలో మధ్యాహ్నం పూట పడుకున్నది నేను చూసింది ఆ ఒక్క రోజే. మీ అత్తమ్మను కూడా ఆ రోజు పడుకోనివ్వు. బర్రెల పని మీరు చూసుకోండి.

గోదారి గట్టు (అమలాపురం వైపు), సెప్టెంబరు 13

మీ వైపు అంతా దసరా చుట్టూ తిరుగుతుంది, మా కోనసీమలో కార్తీకం చుట్టూ. దసరాకి మాకు పంట పని పెద్దగా ఉండదు, వరి ఇంకా పొట్ట మీద ఉంటుంది. అట్లతద్దికి ఆడపిల్లలు తెల్లారకుండానే లేచి గోంగూర పచ్చడి, పెరుగు వేసుకుని అన్నం తినేసి ఉయ్యాలలూగుతారు. తర్వాత దీపావళి, నాగులచవితి, కార్తీక సోమవారాలు. వరికోత నవంబరులో మొదలైతే డిసెంబరు దాకా సాగుతుంది. కార్తీక మాసాన కడవలు కడగ పొద్దుండదంటారు, పగలు అంత పొట్టిగా ఉంటుంది మరి. ఆ పొట్టి పగట్లోనే ఆడవాళ్ళు తలస్నానం, తులసికోట దగ్గర దీపం, ఉపవాసం, పొలానికి క్యారేజీ అన్నీ కానివ్వాలి.

మా ఇంట్లో నాన్నగారు పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. కార్తీక సోమవారం అమ్మ నక్షత్రం చూసేదాకా ఏమీ తినదు. ఆ రోజు పొయ్యి దగ్గరకి అమ్మని రానిచ్చేవారు కాదు. మా అందరికీ వంట ఆయనే. ముద్దపప్పు, వంకాయ కూర, చారు, అంతకు మించి ఆయనకి రాదు. ఉపవాసం ఉన్న మనిషి చేత పదిమందికి వండించడం పుణ్యం ఎలా అవుతుందనేవారు. ఇప్పుడు ఆ వంట నేను చేస్తున్నాను.

రైతుబిడ్డ (జమ్మికుంట దగ్గర), సెప్టెంబరు 14

చెల్లీ, పత్తి సంగతి నేను చెప్తా. దసరా ముందు, తర్వాత వారం కూలీలు దొరకరు. అందరికీ పత్తి ఒకేసారి పగులుతుంది. కిలోకింత అని లెక్కగట్టి ఇస్తారు, కూలీల కరువు ఎక్కువైతే ఆటో కిరాయి కూడా మనమే పెట్టుకోవాలి. అందుకే ఇప్పుడే పక్క చేల వాళ్ళతో బదులు మాట్లాడుకో. ఈ రోజు మా చేను, రేపు మీ చేను. డబ్బు చేతులు మారదు, పని ఆగదు.

పొద్దున్నే మంచు మీద ఏరొద్దు. తొమ్మిదిన్నర, పది దాటి ఆకు ఆరాక మొదలుపెట్టు. తడి పత్తి బస్తాలో తొక్కితే రంగు మారుతుంది, కొనుగోలు కేంద్రంలో తేమ దగ్గర దెబ్బ పడుతుంది. 8 శాతం లోపుంటే పూర్తి ధర, అక్కడి నుంచి 12 దాకా కోత, 12 దాటితే సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అసలు తీసుకోదు. ఈ ఏడాది మద్దతు ధర పొడవు పింజకు క్వింటాలుకు 8,110. ఆ ధర దక్కాలంటే ఆరబెట్టడమే అసలు పని.

ఇంకొకటి, పిల్లలను కూడా చేనుకు తీసుకుపో. మేము దసరా సెలవుల్లో పత్తి ఏరి పెరిగినవాళ్ళమే. పంట ఎలా వస్తుందో తెలియకుండా పెరిగితే రేపు భూమి మీద మమకారం ఉండదు.

బడిగంట (కర్నూలు జిల్లా పడమటి మండలం), సెప్టెంబరు 14

రైతుబిడ్డ అన్నా, చివరి మాటతో నేను ఏకీభవించలేను. నేను సర్కారు బడి టీచర్‌ని. మా మండలంలో ఈ నెలలు గడుస్తుంటే నాకు గుబులు పట్టుకుంటుంది. వర్షాధారం నేలలు, ఇక్కడ పని అయిపోగానే కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు ఊళ్ళల్లో కుటుంబాలకు కుటుంబాలు లారీలెక్కుతాయి. ముందు పత్తి ఏరడానికి, తర్వాత గుంటూరు వైపు మిరపకోతలకు. దసరా సెలవులకు ముందు నిండుగా ఉన్న తరగతి గది దీపావళి దాటాక సగం ఖాళీ అవుతుంది. ముసలివాళ్ళు మాత్రం ఇళ్ళ దగ్గర మిగులుతారు.

ఆ పిల్లలు మొదట "సెలవుల్లోనే కదా సార్, అమ్మతో పోయి వస్తాం" అనే వెళ్ళారు. సెలవులయ్యాయి, పత్తి అయిపోలేదు. తమ్ముడిని చూసుకోవడానికి అక్క ఉండిపోయింది. మిరప మొదలైంది. వేసవికి ఊరొచ్చేసరికి పుస్తకంలో ఎక్కడ ఆగిందో ఆ పిల్లకు తెలియదు. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెడుతున్నారు. అవి వలస మొదలయ్యేలోపే తెరిస్తేనే ఉపయోగం. లారీ కదిలిపోయాక తెరిచి ఏం లాభం?

మీ పిల్లల పరిస్థితి వేరు, ఒప్పుకుంటాను. 2016లో మార్చిన చట్టం కూడా సెలవుల్లో, బడి అయ్యాక సొంత ఇంటి పనిలో ప్రమాదం లేని సాయం చేయొచ్చనే చెప్పింది. కానీ పత్తి చేనులో మందు కొట్టిన ఆకు మధ్య పొద్దంతా వంగి ఏరడం సాయం కాదు, అది కూలి పని. కాయ డిప్పలు గీరుకుని పెద్దవాళ్ళ వేళ్ళే రక్తాలు కారతాయి.

రైతుబిడ్డ, సెప్టెంబరు 15

సార్, మీరు చెప్పిన వలస మా దగ్గరా తెలుసు. మా ఊరికి పత్తికి వచ్చే గుంపుల్లో మీ వైపు వాళ్ళు ఉంటారు. చేను గట్టు మీద చీర ఉయ్యాల, పక్కన ఏడెనిమిదేళ్ళ పిల్ల, నేనూ చూశాను. అది తప్పే. కానీ సొంత చేనులో ఒక పూట తల్లిదండ్రులతో ఉండటం వేరు. నా కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి చేను పని వచ్చు, అందుకే నేను పంపిన డబ్బు ఎట్లా వచ్చిందో కూడా తెలుసు. నా మాట మీద నేను ఉన్నాను. ఒక పూట, నీడపట్టున, మందు కొట్టని రోజుల్లో. అంతవరకు.

చెనక్కాయ చేను (కదిరి వైపు), సెప్టెంబరు 16

మా సీమలో పిల్లలను ఎవరూ పిలవాల్సిన పని లేదు, వాళ్ళే వస్తారు! చెనక్కాయ పీకే కాలమిది. పచ్చి కాయలు ఉప్పేసి ఉడకబెడితే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరిపోతారు. చెట్లు పీకి కుప్ప వేసి, ఇంటి ముందుకు తెచ్చుకున్నాక కాయలు ఒలిచేది రాత్రి పూట. పగలు చేను పని, రాత్రి ఏడు నుంచి పది దాకా అరుగు మీద లైటు కింద అందరం. అవ్వ, తాత, మేనమామలు, పక్కింటోళ్ళు. మా అవ్వ ఆ రాత్రుల్లో చెప్పిన కథలు నాకు ఏ బళ్ళోనూ దొరకలేదు.

కానీ వాన సమయానికి పడితేనే ఇదంతా. అనంతపురం, సత్యసాయి జిల్లాల్లో పూత నుంచి ఊడ నేలలోకి దిగే వేళ నెల రోజులు వాన మొహం చాటేస్తే కాయ పట్టదు. అట్లాంటి ఏడు మిగిలేది కట్టె, అంటే కాయ లేని చెట్టు మాత్రమే. అది పశువులకైనా పనికొస్తుందని పీకుతాం. పీకేటప్పుడే వాన పడితే మరీ కష్టం, నేలలోనే కాయ మొలకెత్తుతుంది, కట్టె బూజు పడుతుంది. ఆ రెండు వారాలు మా నాయన మేఘాన్ని చూసే చూపు వేరుగా ఉంటుంది. ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడం.

అక్కా, నీ ప్రశ్నకు నా జవాబు: కూర్చుని చేసే పనులన్నీ ఒకచోట చేర్చి రాత్రికి పెట్టు. పూలు తెంపడం, కాయలు ఒలవడం, పత్తిలో చెత్త ఏరడం. అందులోకి మగవాళ్ళనూ కూర్చోబెట్టు. టీవీ ముందు కూర్చునే బదులు అక్కడ కూర్చుంటారు.

దూరపు ఆడపడుచు (న్యూజెర్సీ), సెప్టెంబరు 19

ఇక్కడ బతుకమ్మకు పెద్ద హాలు తీసుకుంటాం, వందల మంది వస్తారు. బంతి, చామంతి దొరుకుతాయి, గునుగు దొరకదు. కోడలు గారూ, మీ ఆడపడుచుల తరఫున ఒక మాట. నేను పుట్టింటికి వెళ్ళిన ప్రతిసారీ వదిన నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు, "రెండు రోజులకు వచ్చావు, కూర్చో" అనేది. మర్యాదకే అనేది, నాకు అర్థమయ్యేది. కానీ ఆవిడ ఒక్కతే చెమటలు కక్కుతుంటే కూర్చోవడం నాకు సుఖంగా ఉండేది కాదు. మీ ఆడపడుచులను కూర్చోబెట్టకండి. కత్తిపీట ముందు ఇద్దరికీ చెరొక పని ఇవ్వండి. వాళ్ళకు కూడా మీతో మాట్లాడుకునే వేళ అదే.

పత్తిచేను కోడలు, అక్టోబరు 5

ఎంతమంది ఎంత ఓపిగ్గా రాశారో! పండగ పనుల్లో పడి ఇటు రాలేకపోయాను.

పూల పని మా ఆయన, పిల్లలు చేశారు. గునుగు మాత్రం దొరకడం గగనమైంది. మామయ్య చెప్పేదేమంటే, మక్క చేలల్లో, పత్తి చేల గట్ల మీద మోకాలెత్తు ఉండేదట. గడ్డి మందు కొట్టడం మొదలయ్యాక పోయిందట. మా చేను ఒడ్డున చెరువు వైపు గట్టుకు వచ్చే ఏడాది మందు కొట్టొద్దని గట్టిగా చెప్పాను. సరే అన్నారు.

ఆడపడుచులకు పని ఇచ్చాను. అత్తమ్మకు మొదట నచ్చలేదు. "ఇంటి ఆడపిల్లల చేత చేయిస్తావా" అంది. పెద్దమ్మాయే తల్లికి సర్దిచెప్పింది. సద్దులు మా వరసలో నాలుగిళ్ళు పంచుకున్నాం. అలిగిన బతుకమ్మ రోజు అత్తమ్మ పడుకోలేదు, కానీ గడప మీద కూర్చుని చిన్నప్పటి పాటలు నా చేత రాయించింది. తంగేడు మీదివి, ఉయ్యాల పాటలు, ఆమె పుట్టినింటి ఊరి పేరుతో ఉన్నవి కూడా. కొన్ని మా ఊళ్ళో ఇంకెవరికీ రావు.

దసరా ఈసారి గాంధీ జయంతి నాడే రావడంతో మటన్ ముందు రోజే తెచ్చుకోవాల్సి వచ్చింది, అదొక హడావిడి. సాయంత్రం జమ్మి దగ్గరికి అందరం పోయాం. పాలపిట్ట కనిపించింది. పిల్లలు జమ్మి ఆకు పట్టుకుని వాడంతా తిరిగి పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కి వచ్చారు.

రేపటి నుంచి ఏరుడు. బదులుకు మూడిళ్ళ వాళ్ళం కుదిరాం.

నెమలిపింఛం (ఉట్నూర్ వైపు), అక్టోబరు 11

మా గోండు గూడేల సంగతి కూడా ఇందులో ఉండాలి. మాకు ఈ కాలం అంటే దండారి పండగ. దీపావళి ముందు మొదలవుతుంది. నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒళ్ళంతా బూడిద పూసుకుని గుస్సాడీలు ఆడతారు. అది ఆట కోసం ఆడేది కాదు, దీక్ష. ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి పోతుంది. ఆ ఊరు ఎదురొచ్చి తీసుకుపోయి అన్నం పెడుతుంది. సంబంధాలు మాట్లాడుకునేది, పాత గొడవలు తీర్చుకునేది కూడా అప్పుడే. గుస్సాడీ ఆట నేర్పిన మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చాక బయటివాళ్ళకు మా ఆట తెలిసింది. పోయిన ఏడాది అక్టోబరులో ఆయన పోయారు. ఈసారి దండారిలో ఆయన పేరు తలవని గూడెం ఉండదు.

పని గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. ఇంకో ఊరి జట్టు వస్తే ఏ ఒక్క ఇంటి మీదా బరువు పడదు. బియ్యం, పప్పు ఇంటింటి నుంచి వస్తాయి, వంట అందరిదీ. మరో దారి నాకు తెలియదు. పట్నం బుద్ధి వచ్చాకే "మా ఇంటి చుట్టాలు, మీ ఇంటి చుట్టాలు" అనే లెక్క మొదలైందని మా పెద్దలంటారు. మాకు కూడా ఇప్పుడు పత్తి, సోయా ఈ రోజుల్లోనే పడుతున్నాయి. పోరగాళ్ళు దీక్షలో ఉంటే చేను మీద ఆడవాళ్ళే కనిపిస్తున్నారు. అది మా ఊళ్ళో మేము మాట్లాడుకోవాల్సిన సంగతి.

ఉద్దానం కొబ్బరి (పలాస వైపు), అక్టోబరు 13

ఈ చర్చ ఎప్పుడు చూసినా రాద్దామనుకుంటూనే ఉన్నాను. మొన్న 11కి తిత్లీ తుపాను వచ్చి ఏడేళ్ళు. 2018లో దసరా రోజుల్లోనే, తెల్లవారేసరికి తోట తోటంతా నేలమట్టం. కొబ్బరి, జీడి, పనస. మా నాన్న నాటినవి కొన్ని, మా తాత నాటినవి కొన్ని. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకి ఐదారేళ్ళు చూడాలి. ఇప్పుడిప్పుడే కొత్త చెట్లకి గెలలు దిగుతున్నాయి.

మా ఊళ్ళల్లో మగవాళ్ళు చాలామంది వలసల్లోనే ఉంటారు, కొందరు గల్ఫ్‌లో, కొందరు చెన్నైలో, కొందరు మిలట్రీలో. తిత్లీ తర్వాత ఇంకొంతమంది పోయారు. ఇంటి లెక్క, తోట లెక్క, అప్పు లెక్క అన్నీ మా అమ్మ, పిన్నిలే చూస్తారు. పని పంచుకోవడం గురించి మీరంతా రాస్తుంటే, పంచుకోవడానికి మనిషే ఎదురుగా లేని ఇళ్ళు ఎన్నో ఉన్నాయని చెప్పాలనిపించింది. వాళ్ళు దసరాకి సెలవు దొరికితే వస్తారు. వచ్చిన ఆ కొద్ది రోజుల్లో అమ్మ వాళ్ళ చేత ఏ పనీ చేయించదు, కంటి నిండా చూసుకుంటే చాలంటుంది.

గునుగుపువ్వు, అక్టోబరు 17

కోడలు బిడ్డా, ఇంకో రెండు మూడు రోజుల్లో దీపావళి. పత్తి ఎక్కడ పోశారు? ఇంట్లోనే కదా? చిన్న ఇళ్ళల్లో పత్తి రాశి మీదే పడుకుంటారు, నాకు తెలుసు. దయచేసి ఈ మాట విను. గుమ్మాల్లో దీపాలు, వీధిలో పటాకులు, లోపల పత్తి. ఒక్క నిప్పురవ్వ చాలు. మా వైపు ఒక ఇంట్లో ఏడాది కష్టం గంటలో పోయింది. మనుషులు బయటపడ్డారు, అంతే మేలు.

పత్తి ఉన్న గదికి కిటికీలు మూసి టార్పాలిన్ కప్పు. ఆ వైపు గడపకు, గోడకు దీపం పెట్టొద్దు. దేవుడి దగ్గర, తులసికోట దగ్గర పెట్టుకో. చిచ్చుబుడ్లు చెరువు కట్ట మీద కాల్పించు. బకెట్ నీళ్ళు ఎదురుగా ఉంచు. బీడీ తాగే చుట్టాలకు ముందే చెప్పు, మొహమాటం వద్దు.

పత్తిచేను కోడలు, అక్టోబరు 18

అమ్మా, మీరు చెప్పేదాకా నాకు తట్టనే లేదు. నడి ఇంట్లో పోశాం, దానికి ఆనుకునే దేవుడి గూడు. ఇవాళే వెనక గదిలోకి మార్చాం, అందరికీ దురదలు. కేదారేశ్వర నోము మాకు ఉంది, కాబట్టి నోము పీట తూర్పు వైపు వసారాలో వేస్తున్నాం.

రైతుబిడ్డ అన్నా, బదులు పని చాలా బాగా సాగింది. పిల్లల విషయంలో మీ మాట, బడిగంట సారు మాట రెండూ విన్నాను. ఏరడానికి దింపలేదు. మా పెద్దోడికి తూకం రాసే పని ఇచ్చాం. ఎవరెవరు ఎన్ని కిలోలు ఏరారో వాడి నోటుబుక్కులో ఉంది. పత్తి అమ్మడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ తీసుకోవాలంటున్నారు కదా, మా వాడలో స్మార్ట్‌ఫోన్ లేని ఇద్దరు తాతలకు కూడా వాడే చేసి పెడతానంటున్నాడు.

గోదారి గట్టు, అక్టోబరు 27

అందరూ జాగ్రత్త. తుపాను మొంథా రేపు రాత్రికి మా వైపే తీరం దాటుతుందంటున్నారు. నిన్నగాక మొన్న నాగులచవితి, పుట్టలో పాలు పోసి చిమ్మిలి, చలిమిడి పంచుకున్నాం. ఇవాళ దూడలని మెరక మీదకి తోలేశాం. మా ఊరి పెద్దవాళ్ళకి 1996 నవంబరు 6 మరిచేది కాదు. కొబ్బరి చెట్లు మెలితిరిగి పడ్డ రాత్రి అది. అమ్మ అప్పటి నుంచీ కార్తీకంలో గాలి పెరిగితే ముందు బియ్యం, అగ్గిపెట్టె, భూమి కాగితాలు మూట కట్టి అటక మీద పెడుతుంది. ఇవాళ కూడా కట్టింది. వరి గింజ పాలు పోసుకునే దశ. ఏం మిగులుతుందో చూడాలి. ఫోన్లు పని చేయకపోవచ్చు.

ఉద్దానం కొబ్బరి, అక్టోబరు 28

అన్నా, వీలైతే ఒక్క మాట రాయండి. ఇక్కడ వాన మొదలైంది.

పత్తిచేను కోడలు, అక్టోబరు 30

తుపాను కోస్తాకే అనుకున్నాం. నిన్న మా మీదే విరుచుకుపడింది. హనుమకొండ, వరంగల్ కాలనీల్లో నీళ్ళు. చేనులో పగిలిన పత్తి మొత్తం తడిసి ముద్దై వేలాడుతోంది. వరి కోతకు వచ్చింది, సగం మడి పడిపోయింది. మామయ్య పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు. గోదారి గట్టు గారూ, మీరెలా ఉన్నారు?

గోదారి గట్టు, అక్టోబరు 31

క్షేమం. పెంకులు లేచాయి, మూడు కొబ్బరి చెట్లు పోయాయి. చేను పడింది, కానీ అంతా పోలేదు.

కోడలు గారూ, ఆలస్యం చేయకండి. ముందు మడిలో నీళ్ళు బయటికి తీయండి, కాలువ కొట్టండి. పడిన వరిని నాలుగైదు దుబ్బులు కలిపి నిలబెట్టి కట్టండి. కంకి మీద మొలక రాకుండా లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిసేలా పిచికారీ చేయండి. వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పేదీ ఇదే, మేము ఏటా చేసేదీ ఇదే. పంట నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్ళకి చూపించడానికి ఫోటోలు తీసి ఉంచండి. మీ మామగారికి నా మాటగా చెప్పండి, అన్నం తినమనండి.

రైతుబిడ్డ, అక్టోబరు 31

పత్తికి కూడా అంతే, సాళ్ళల్లో నీళ్ళు తీసెయ్. తడిసిన పత్తి ఎండ కొట్టాక చెట్టు మీదే ఆరనిచ్చి ఏరు. మంచి పత్తిలో కలపొద్దు, వేరే బస్తాలో పెట్టు. కలిపితే రెండూ పోతాయి. చెట్టు తేరుకోవడానికి లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి కొట్టు. పైన ఇంకా పచ్చికాయ ఉంటే రెండో ఏరుడు మిగిలే ఉంది. నేను ఆదివారం మీ ఊరి మీదుగా పోతా. బదులుకు ఇంకో ఇద్దరు కావాలంటే చెప్పు, తీసుకొస్తా.

బడిగంట, నవంబరు 2

మీ వానల వార్తలు చదువుతూనే ఉన్నాను. మా బడిలో ఈసారి ఒక పని జరిగింది. నలుగురు పిల్లల అవ్వ తాతలతో మాట్లాడి, తల్లిదండ్రులు వలస పోయినా పిల్లలను ఊళ్ళోనే ఉంచేలా ఒప్పించాం. మధ్యాహ్నం భోజనం బళ్ళో ఉంటుంది, రాత్రికి అవ్వలు చూసుకుంటారు. ఒక అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. ఆమెకు చూపు సరిగా లేదు, ఆడపిల్లను ఎలా కాపాడుకోవాలని అడిగింది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ పిల్ల తల్లితో పోయింది.

చెనక్కాయ చేను, నవంబరు 3

సార్, పోయిన చోట దగ్గర్లో ఉన్న బడిలో ఆ పిల్లను కూర్చోబెట్టే వీలుందేమో కనుక్కోండి. మా వైపు బడికి వలస వచ్చిన పిల్లలను అట్లా చేర్చుకున్న టీచరమ్మ ఉన్నారు. ఏ ఊరు పోయారో తెలిస్తే ఇక్కడ రాయండి, ఈ చర్చలో ఆ వైపు వాళ్ళు ఎవరైనా ఉండొచ్చు.

బడిగంట, నవంబరు 3

జమ్మికుంట వైపు అని మేస్త్రీ చెప్పాడు.

రైతుబిడ్డ, నవంబరు 3

సార్, గుంపు మేస్త్రీ ఫోన్ నంబరు నాకు పర్సనల్ మెసేజ్‌లో పంపండి, ఇక్కడ రాయకండి. మా ఊరి బడి హెడ్మాస్టర్‌తో రేపే మాట్లాడతా.

పత్తిచేను కోడలు, నవంబరు 9

వరి కొంత దక్కింది. పడిన మడి మిషన్‌తో కోస్తే గింజ రాలుతుందని ఆ ముక్క వరకు చేతి కోత కోశాం. మిషన్ కోసిన చోట గడ్డి ముక్కలై చెల్లాచెదురైంది. చేత్తో కోసిన గడ్డి మాత్రం నిలువుగా, మోపుకు వచ్చేలా ఉంది. బర్రెలకు అదే వేస్తున్నాం. వడ్లు టార్పాలిన్ల మీద పోశాం. 17 శాతానికి తేమ దిగితే గానీ కేంద్రంలో తూకం వేయరు. పొద్దున, సాయంత్రం తిరగేయడం మామయ్య పని, కూర్చోమన్నా వినడం లేదు. అన్నం తింటున్నారు.

కార్తీక పౌర్ణమికి మా ఆయన అత్తమ్మను వేయి స్తంభాల గుడికి తీసుకెళ్ళి వచ్చారు. ఆ రోజు బర్రెల పాలు పిండింది నేను. వంట మా పెద్దోడు, గోదారి గట్టు గారి నాన్నగారి లెక్కన ముద్దపప్పు, చారు.

రైతుబిడ్డ అన్నా, రెండో ఏరుడు బుధవారం పెట్టుకున్నాం. ఆ ఇద్దరినీ తీసుకురండి. తొమ్మిదిన్నరకు వస్తే చాలు, ఇప్పుడు మంచు ఎక్కువగా కురుస్తోంది.